అవ్వ అడిగిన ప్లేటు

నంద్యాల బస్టాండులో దిగి మేము అడిగిన మొదటి మాటకే షాపతను నవ్వాడు. మాలో బెంగళూరులో పనిచేసే తమ్ముడు ముందుకు పోయి, "అన్నా, పాత గ్రామఫోను రికార్డులు ఉంటాయా? హార్డ్‌కోర్ పంక్ ఏమన్నా దొరుకుతుందా?" అన్నాడు. అది సెల్‌ఫోన్ కవర్లు, మెమరీ కార్డులు అమ్మే షాపు. బోర్డు మీద మాత్రం 'ఆడియో, వీడియో క్యాసెట్లు' అన్న పాత అక్షరాలు ఇంకా పోలేదు. అందుకే అడిగాం. "పంకాలు మా దగ్గర లేవప్పా. ఎలక్ట్రికల్ షాపు ఆ పక్కన ఉండాది, పోండి" అన్నాడాయన. చలికాలంలో పంకాలు ఎందుకో అని కూడా అనుకొని ఉంటాడు.

మేము ముగ్గురం. ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఒకే చెంచు గూడెంలో పుట్టినవాళ్ళం. ఒకరం గిరిజన ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఒకరం నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాం. మూడోవాడు బెంగళూరులో ఏసీలు బిగించే పని చేస్తాడు. సంక్రాంతికి ముగ్గురం గూడెం చేరినప్పుడు ఈ తిరుగుడు మొదలైంది. ఈ వ్యాసంలో 'మేము' అంటే ఆ ముగ్గురమే. ఏ మాట ఎవరు అన్నారో ఇప్పుడు మాకే సరిగా గుర్తులేదు, కాబట్టి అన్ని మాటలూ అందరివీ అనుకోండి.

బెంగళూరు తమ్ముడికి ఆ పంక్ పిచ్చి ఎట్లా పట్టిందో ముందు చెప్పాలి. వాడి గదిలో ఉండే పిల్లవాడొకడు ఫోనులో ఆ పాటలు పెడతాడట. పాట అంటే పాట కాదు, అరుపు. ఒక్కొక్కటి ఒకటిన్నర నిమిషం. గిటారు, డ్రమ్ము, గొంతు మూడూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. 1980 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్‌లో, కాలిఫోర్నియాలో కుర్రవాళ్ళు మొదలుపెట్టిన సంగీతం అది. అందులో పేరు మోసిన బ్యాడ్ బ్రెయిన్స్ అనే జట్టులో అందరూ నల్లజాతి కుర్రవాళ్ళే. మా వాడికి ఆ అరుపుల కన్నా వాటి వెనక ఉన్న కథ నచ్చింది. ఆ కథ తరువాత వస్తుంది. అప్పటినుంచి వాడు పనిమీద ఏ ఊరు పోయినా అక్కడ పాత రికార్డుల షాపు ఉందా అని వెతుకుతాడు. ఇంతవరకు ఒక్క పంక్ రికార్డు కూడా కొనలేదు. వాటి ధర మన నెల జీతానికి దగ్గరగా ఉంటుందని ఒకచోట తెలిసిందట. అయినా అడగడం మానడు.

అసలు పని అవ్వది.

మా అవ్వ పాటగత్తె. తేనె పట్టు దించేటప్పుడు పాడే పాట, పెళ్ళికూతుర్ని సాగనంపే పాట, ఎలుగుబంటి మీద ఒక పెద్ద పాట, ఇంకా మేము పేరు కూడా ఎరగనివి ఎన్నో ఆమెకు వచ్చు. మాకు వాటిలో నాలుగు ముక్కలు వస్తే ఎక్కువ. హాస్టళ్ళలో పెరిగినవాళ్ళం గదా. కానీ అవ్వ ఫోను ముందు పాడదు. టీచరుగా ఉన్న మేము ఎన్నిసార్లు ఫోను పట్టుకొని కూర్చున్నా నోరు తెరవదు. "ముందు పోయిన పాట తేండి. తరవాత కొత్తది పాడతా" అంటుంది.

పోయిన పాట సంగతి ఇది. రామారావు గెలిచిన ఏడాదో, దాని మరుసటేడో ఒకాయన జీపులో గూడేనికి వచ్చాడట. అంటే 1983, 84 నాటి మాట. ఆయన దగ్గర ఒక పెట్టె, దాని మీద తిరిగే రెండు చక్రాలు. రెండు రాత్రులు మా అవ్వ చేత, ఆమె అక్క చేత పాడించుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక చీర, బీడీకట్టలు ఇచ్చి, "మీ పాట ప్లేటు వేయించి తెస్తాం" అని చెప్పాడు. అంతే, మళ్ళీ కనబడలేదు. ఆయన ఎవరో, ఏ ఊరో, ఏ ఆఫీసో అవ్వకు తెలియదు. ఆ అక్క చనిపోయి ఇరవై ఏళ్ళయింది. ఆమె గొంతు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. అవ్వ అడుగుతున్నది తన పాట కాదు, అక్క గొంతు. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అందుకే బయలుదేరాం. ఆత్మకూరు నుంచి వెలుగోడు, బండి ఆత్మకూరు మీదుగా బస్సులో నంద్యాల. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన దగ్గరనుంచి ఊరు పెరిగింది, షాపులు పెరిగాయి. పాత వస్తువులు మాత్రం తరిగాయి. శ్రీనివాసనగర్ మొదలు రైల్వే స్టేషను దాకా ఒక రోజంతా తిరిగాం. క్యాసెట్లు అమ్మిన షాపుల్లో సగం సెల్‌ఫోన్ షాపులయ్యాయి, ఒకటి బిర్యానీ పాయింటు అయింది. పాత సామాన్ల షాపులో ఇత్తడి చెంబులు, కాలిన మోటార్లు, ఒక గ్రామఫోను గొట్టం దొరికాయి. గొట్టం కింద ఉండాల్సిన పెట్టె లేదు. ప్లేట్లు కావాలంటే ఆయన లోపలికి పోయి ఒక నల్ల గిన్నె తెచ్చి చూపించాడు. అంచులు పువ్వులాగా ముడుచుకొని ఉన్నాయి. నడుమ ఎర్ర కాగితం, దాని మీద కుక్కబొమ్మ సగం. రికార్డును వేడినీళ్ళలో మెత్తబరిచి గిన్నెమీద బోర్లించి వంచితే అలా అవుతుందట. అందులో మేకులు పోసి పెట్టుకున్నాడు. ఎవరి పాటో చూద్దామంటే పేరు ఉన్న వైపు చెరిగిపోయింది.

ఆయనే చెప్పాడు. ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాక ప్లేట్లు తూకానికి వచ్చాయి. మంచివి ఉంటే హైదరాబాదు నుంచి, మద్రాసు నుంచి ఇష్టం ఉన్నవాళ్ళు వచ్చి ఏరుకొని పోయారు. మద్రాసులో మూర్ మార్కెట్ 1985లో కాలిపోయే దాకా ఇటువంటి వాటికి అదే పెద్ద సంత. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత. "ఈ జిల్లాలో ప్లేట్లు మిగిలి ఉంటే మైకుసెట్టోళ్ళ ఇండ్లలోనే ఉంటాయి. ఆళ్ళగడ్డకు పోండి. ఆడ ఒక ముసలాయన ఉన్నాడు" అన్నాడు.

ఆ మాట నిజం. ఇక్కడి పెద్ద ఊళ్ళలో కూడా రికార్డుల షాపు అంటూ విడిగా ఉండింది తక్కువ. ఇంట్లో రికార్డు ప్లేయరు పెట్టుకునే స్తోమత ఎంతమందికి ఉండేది? జనం పాటలు విన్నది పెళ్ళి పందిట్లో, తిరణాలలో, సినిమా హాలు ముందు, చెట్టుకు కట్టిన గొట్టం మైకులో. కాబట్టి ప్లేట్లు కొన్నదీ దాచిందీ మైకుసెట్టు వాళ్ళే. దేశంలో ఎక్కడైనా రికార్డులు వెతికేవాళ్ళు పెద్ద నగరాల షాపుల్లో వెతుకుతారు. మన వైపు వెతకాలంటే వైర్ల చుట్టల మధ్య, ఆంప్లిఫయర్ల వెనక వెతకాలి.

మరునాడు శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డ పోయాం. శిల్పులు రాతిమీద ఉలి కొట్టే చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తూ ఉంది. అది పారువేట కాలం. కనుమ నాడు అహోబిలంలో మా చెంచువాళ్ళు పల్లకీ మీదికి బాణం వేశాక నరసింహస్వామి బయలుదేరతాడు. నలభై రోజుల దాకా ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి తన పెళ్ళికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి ఆయన మా ఇంటి అల్లుడని మా పెద్దలు అంటారు. అల్లుడు ఊరేగుతున్న దోవలోనే మేము పాట కోసం వెతుక్కుంటూ పోతున్నాం అనుకొని నవ్వుకున్నాం.

ముసలాయన్ని ఊరంతా మైకు తాత అంటారు. ఇల్లూ షాపూ ఒకటే. వాకిట్లో గొట్టాలు బోర్లించి ఉన్నాయి. ఇప్పుడు కొడుకు డీజే బాక్సులు అద్దెకిస్తాడు. తాత పాత గదిలో కూర్చుంటాడు.

"యాడ నుంచి వచ్చినారు నాయనా?"

చెప్పాం. చెంచు గూడెం అనగానే ఆయన లేచి మాకు స్టూళ్ళు వేశాడు. "మీ గూడేలకు నేను మైకు తెచ్చినా. కరెంటు లేకుంటే బ్యాటరీ మోసుకొని వచ్చినా" అన్నాడు. తరువాత గదిలో ఒక దుప్పటి తీశాడు. సబ్బుల చెక్కపెట్టెల్లో ప్లేట్లు నిలువుగా పేర్చి ఉన్నాయి. మూడు నాలుగు వందలుండవచ్చు. పడుకోబెడితే కింది వాటి మీద బరువు పడి వంగుతాయని తాత చెప్పాడు. దుమ్ము, ఎలుకల వాసన, వాటి మధ్య ఇంకేదో తెలిసిన వాసన. ఏమిటో అప్పుడు పట్టుకోలేకపోయాం.

మూడు రకాలున్నాయి. బరువైన నల్లటివి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, ఒక వైపు మూడు నిమిషాల పాట. చిన్నవి, 45 చుట్లవి. పెద్దవి, 33 చుట్లవి, ఒక వైపే ఇరవై నిమిషాలు. పెద్దవాటిలో 'మాయాబజార్', 'దాన వీర శూర కర్ణ' మాటల రికార్డులు. పెళ్ళిళ్ళలో పాటల కన్నా ఎన్టీఆర్ మాటలే ఎక్కువ అడిగేవారట. చిన్నవీ పెద్దవీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, కింద పడినా పగలవు. 78 మాత్రం గాజులాగా పగులుతుంది. గంటసేపు ఒక్కొక్కటి తీసి చూశాం. మా తమ్ముడు పంక్ కోసం, మేము అవ్వ కోసం.

అవ్వ సంగతి విని తాత చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "రెండు చక్రాలు తిరిగినాయంటివి గదా. అది ప్లేటు కాదు నాయనా, టేపు. స్పూలు టేపు" అన్నాడు. "ప్లేటు ఈడ కొట్టరు. పాట మైనం మీదో లక్కర్ పూత మీదో గీత గీసి, దాన్నుంచి అచ్చు తీసి, అచ్చులో వేసి నొక్కల్ల. ఎక్కువగా కలకత్తాలో. ఒకటి కావల్ల, రెండు కావల్ల అంటే కొట్టరు. అమ్ముడుపోయేదైతేనే కొడతారు. మీ అవ్వకు ప్లేటు అని ఎందుకు చెప్పినాడో! ఆమెకు అర్థమయ్యే మాట అదని చెప్పింటాడు."

అంటే నలభై ఏళ్ళుగా అవ్వ అడుగుతున్న వస్తువు అసలు పుట్టనే లేదు. టేపు ఉండి ఉంటే ఎక్కడో ఒక బీరువాలో ఉంటుంది, లేదా దాని మీద ఇంకో పాట ఎక్కించి ఉంటారు. స్పూలు టేపుల్ని అలా చెరిపి మళ్ళీ వాడేవాళ్ళని తాత మెల్లగా చెప్పాడు. మాకు ఆ క్షణంలో ఇంటికి పోయి అవ్వ ముఖం ఎలా చూడాలా అన్నదే దిగులు.

తాత టీ తెప్పించాడు. మా మనసు మళ్ళించడానికో ఏమో, ఒక పగిలిన 78 ముక్క తీసి చేతిలో పెట్టాడు. "ఇదేందో చెప్పండి చూద్దాం. మీ అడివి సరుకే."

లక్క! గాజులకు, పిడులకు వాడే లక్క. మోదుగ, రేగు కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురు. దాన్ని కరిగించి వడకట్టి, అందులో రాతిపొడి, మసి కలిపి ఈ ప్లేట్లు చేసేవారు. (రాతిపొడి మన బేతంచెర్లది కాదులెండి.) ప్లాస్టిక్ రాకముందు, ఇంచుమించు యాభై ఏళ్ళపాటు లోకమంతా పాటలు విన్నది ఈ లక్క మీదే. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే పోయేది. దాన్ని కొమ్మల మీద పెంచి గీసి తెచ్చింది చాలావరకు ఛోటానాగపూర్ అడవుల ఆదివాసులు, ముండాలు, ఉరావులు, వాళ్ళ ఇరుగుపొరుగు వాళ్ళు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లో ఒక లక్క పరిశోధన సంస్థనే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కొరత వచ్చి, అమెరికాలో కొత్త ప్లేటు కొనాలంటే పాత ప్లేటు తెచ్చి ఇవ్వమనే దాకా పోయిందట. తాతకు ఇంత తెలియదు. లక్క అని ఆయన చెప్పాక మేము ఫోనులో, తరువాత కాలేజీ లైబ్రరీలో చదివి తెలుసుకున్నాం.

చదివేకొద్దీ ఒకటి గుచ్చుకుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ వంటి వాళ్ళ పాటలతో మన దేశంలో రికార్డులు మొదలయ్యాయి. 1908లో అక్కడే ఫ్యాక్టరీ వచ్చింది. విద్వాంసులు, నాటకాల వాళ్ళు, సినిమా వాళ్ళు వరసగా ఆ లక్క మీద గొంతు పెట్టారు. లక్క తెచ్చినవాళ్ళ గొంతు ఎంత పడింది? మా నల్లమల సంగతి మరీ విచిత్రం. గ్రియర్సన్ దొర దేశంలోని భాషలన్నిటి మీద ముప్పై ఏళ్ళు పెద్ద సర్వే చేసి పుస్తకాలు వేశాడు. అందులో మద్రాసు రాష్ట్రాన్నీ హైదరాబాదు సంస్థానాన్నీ వదిలిపెట్టారు. నల్లమల కర్నూలు వైపు మద్రాసుది, అమ్రాబాదు వైపు నైజాముది. రెండు వైపులా తప్పిపోయాం. హైమెన్‌డార్ఫ్ వచ్చి అమ్రాబాదు వైపు మా వాళ్ళతో ఉండి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేశాడు. దాంట్లో మా తాతముత్తాతల ఫొటోలున్నాయి. విల్లు పట్టుకున్నవాడు, బుట్ట మోస్తున్న ఆమె. ముఖాలున్నాయి. ఏం పాడేవాళ్ళో చెవితో వినడానికి లేదు.

మళ్ళీ ఆళ్ళగడ్డ గదికి వస్తాం. తాత ఉన్నట్టుండి, "చెంచు పాట ప్లేటు నా దగ్గర ఒకటుంది!" అన్నాడు. మా గుండె ఆగినంత పనయింది. పెట్టె అడుగునుంచి తీసింది 'చెంచులక్ష్మి' సినిమా ప్లేటు. 1943లో ఆ పేరుతో ఒక సినిమా వచ్చింది. ఇది రెండోది, 1958 నాటిది. నాగేశ్వరరావు, అంజలీదేవి, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. చెంచుపిల్ల దేవుడికి అడవి పనుల పరీక్ష పెట్టే పాట, ఘంటసాల, జిక్కి గొంతులు. తాత పాత మోటారు మీద పెట్టి, కొత్త ముల్లు బిగించి వేశాడు. 78కి ముల్లు త్వరగా అరిగిపోతుంది, అరిగిన ముల్లు పాటను తినేస్తుంది. బరబరమనే చప్పుడు, దాని వెనక జిక్కి గొంతు తేనెలాగా. ఎంత బాగుందో చెప్పలేం. మేము కోపం తెచ్చుకుందామనుకున్నాం, రాలేదు.

కోపం ఎందుకంటే, టీచరుగా ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. వార్షికోత్సవం రాగానే 'గిరిజన నృత్యం' అంటారు. మా పిల్లలకే ఆకుల లంగాలు, తలకు ఈకలు, ముఖాన తెల్లచుక్కలు. పాట సినిమాది. మా గూడెంలో ఎవరూ తలకు ఈకలు కట్టుకోగా మేము చూడలేదు. ఒక పాప, అవ్వ ముదిమనవరాలే, "సార్, మనం చెంచులం ఇట్లా ఉంటామా?" అని అడిగింది. ఉండమని చెప్పాం. "మరి మన పాట యాది?" అంది. అప్పటికి మా దగ్గర నాలుగు ముక్కలే ఉన్నాయి. ఆ ప్రశ్నే మమ్మల్ని నంద్యాల బస్సెక్కించింది.

తమ్ముడు ఊరుకోక తాతకు తన పంక్ పాట ఫోనులో వినిపించాడు. తాత చెవి దగ్గర పెట్టుకొని, ముఖం చిట్లించి, "మా గొట్టం మైకుకు డయాఫ్రం పగిలితే ఇట్లే అరుస్తాది" అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడు వాడు కథ చెప్పాడు. 1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అని బడి పిల్లల జట్టు. పాడి కూడబెట్టిన డబ్బు కొంచెం ఉంది, జట్టు విడిపోయింది. పంచుకొని తినకుండా ఆ డబ్బుతో తమ పాటలు ప్లేటు కొట్టించారు. ఏ కంపెనీనీ అడగలేదు. డిస్కార్డ్ అని తామే పేరు పెట్టుకున్నారు. వెయ్యి ప్లేట్లు. వాటి అట్టలు కూడా తామే కూర్చొని కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. ఆ డిస్కార్డ్ పేరు మీద తరువాత ఎన్నో జట్ల ప్లేట్లు వచ్చాయి.

తాత ఫోను తిరిగిస్తూ, "వెయ్యే?" అన్నాడు.

"వెయ్యే తాతా."

"మా కాలంలో వెయ్యికి కలకత్తావోడు జవాబు కూడా రాసేవాడు కాదు. పిల్లోల్లు గట్టోల్లే. పాట మాత్రం బాగలేదు."

'చెంచులక్ష్మి' ప్లేటుకు ఎంత అని అడిగితే నూటయాభై అన్నాడు, తీసుకుంది వంద. దాన్ని ఆడించినప్పుడు మేము ఫోనులో ఎక్కించుకున్నాం, బరబరతో సహా. గుడ్డలో చుట్టి, పత్రికల మధ్య పెట్టి, ఒళ్ళో పట్టుకొని బస్సెక్కాం. వెలుగోడు దాటాక ఒక స్పీడు బ్రేకరు దగ్గర బస్సు ఎగిరింది. టక్కుమని చప్పుడు. విప్పి చూస్తే అంచున గోరంత పెచ్చు లేచింది. పాట ఉన్నంత మేర బాగానే ఉంది.

గూడెం చేరేసరికి పొద్దు గూకింది. అవ్వ పొయ్యి ముందర ఉంది. తప్పించుకొనే మాటలు ఏవీ పనికిరావని ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ప్లేటు వేయలేదు అవ్వా. ఆయన టేపులో ఎక్కించుకొని పోయినాడు. అది ఉందో లేదో తెలియదు. అవ్వ ఏమీ అనలేదు. పొయ్యిలో కట్టె సర్దింది. కొంచెంసేపటికి, "అయితే అక్క యాడా లేదు" అంది. ఆమె మా వైపు చూడలేదు.

తరువాత ఆమే చెయ్యి చాపింది. "తెచ్చిందేందో ఇయ్యి."

ప్లేటు ఇచ్చాం. వేళ్ళతో గీతలు తడిమింది. అంచున పెచ్చు లేచినచోట గోటితో గీకి వాసన చూసింది. లేచిన పెచ్చును మేము కాగితంలో దాచి తెచ్చాం. అది తీసుకొని పొయ్యిలో నిప్పు మీద పెట్టింది. పొగ లేచింది. గదిలో మాకు అర్థంకాని ఆ వాసన ఏమిటో అప్పుడు తెలిసింది. "లక్క గదరా ఇది! మీ తాత కత్తి పిడిలో పోసేటోడు. దీని మీద పాట రాస్తారా?"

ఫోనులో జిక్కి పాట వినిపించాం. అవ్వకు ఆ పాట తెలుసు, అహోబిలం తిరణాలలో మైకులో విన్నదే. చివరిదాకా వింది. "ఆయమ్మ బాగా పాడింది. కానీ తేనె పట్టు కాడ అంత గట్టిగా పాడితే ఈగలు లేస్తాయి" అంది.

"మరి ఎట్లా పాడాలి అవ్వా?"

"మెల్లగా. పైన తాడు పట్టుకున్న బామ్మర్దికి వినపడల్ల, ఈగలకు వినపడగూడదు." ఒక రాగం గొంతులోనే తీసి ఆపేసింది. ఇద్దరం ఫోను వైపు చెయ్యి చాపాం. ఆమె చూసింది. చేతులు వెనక్కి తీసుకున్నాం.

"దీంట్లో ఎంతసేపు పడుతుంది?" అని ప్లేటు చూపించింది.

"మూడు నిమిషాలు."

"మూడు నిమిషాల్లో కొండ అంచు కాడికి గూడా పోలేం" అని నవ్వింది. తమ్ముడు వాషింగ్టన్ పిల్లల కథ అవ్వకూ చెప్పాడు. అట్టలు వాళ్ళే అంటించుకున్నారన్న దగ్గర ఆమె ఆపి, "జిగురు కొన్నారా, తెచ్చుకున్నారా?" అని అడిగింది. తపసి జిగురు ఏరి గిరిజన సహకార సంస్థకు తూకం వేసిన మనిషి కదా, ఆమెకు అదే ముఖ్యం. మాకు జవాబు తెలియలేదు.

తరువాత అసలు ప్రశ్న అడిగింది. "మీ ఫోన్లో పాడితే ఆ పాట ఎవురి కాడ ఉంటాది? మళ్ళీ జీపెక్కి పోదు గదా?"

దీనికి తడుముకోకుండా జవాబు చెప్పలేకపోయాం. ఫోనులో ఎక్కింది ఎక్కడికైనా పోతుంది, జీపు కూడా అక్కర్లేదు. అది కూడా చెప్పాం. గూడెంలో ఒకటి, బడిలో ఒకటి ఉంచుతాం, నువ్వు సరే అన్నాకే ఇంకెవరికైనా ఇస్తాం, అవ్వ పేరూ ఆమె అక్క పేరూ ముందుగా చెప్పాకే పాట మొదలవుతుంది అన్నాం. అవ్వ అక్క పేరు ఒకసారి పలికించుకుంది. మేము పలికిన తీరు తప్పని సరిదిద్దింది.

"ఆదివారం రాండి. ఆ పిల్లను గూడా పిలుచుకోని రాండి, బళ్ళో అడిగిన పిల్లను. తాడు తేండి. తాడు చేతిలో లేంది ఆ పాట రాదు నాకు."

మేము అప్పుడే ఫోనులో నంద్యాలలో నైలాన్ తాడు మీటరు ఎంతో చూడబోయాం. అవ్వ తల అడ్డంగా ఊపింది. నార తాడే కావాలట. గూడెంలో నార పేనడం ఇప్పుడు ఇద్దరికే వచ్చు. వాళ్ళలో ఒకాయనకు చూపు ఆనదు. ప్లేటును గుడ్డలో చుట్టి చూరులో పెట్టి, పొద్దున్నే ఆయన ఇంటికి పోయాం.